కారు పోయిన రోజు ట్రాకర్ అక్కరకు రావాలంటే

కారు జాడ చెప్పే జీపీఎస్ ట్రాకర్ పెట్టె మీద ఉపగ్రహాల బొమ్మ ఉంటుంది. కారు పోయిన రాత్రి ట్రాకర్ చేతులెత్తేసేది మాత్రం చాలా చిన్న కారణాలతో: రీఛార్జి గడువు దాటిన సిమ్, వదులైన ఎర్త్ వైరు, ఇనుప రేకు కింద ఇరుక్కున్న యాంటెన్నా, తెల్లవారుజామున సైలెంట్‌లో పడుకున్న ఫోను. దొంగ చేతిలో సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ ఉంటే మనం ఆపలేకపోవచ్చు. ఇవి మాత్రం కారు ఇంటి ముందు ఉండగానే సరిచేసుకోగలం.

ముందుగా ఒక అపోహ వదిలించుకోవాలి. మీ కారు ఎక్కడుందో ఉపగ్రహానికి తెలియదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు సమయాన్ని, తమ స్థానాన్ని ప్రసారం చేస్తాయి, అంతే. అది విని తానెక్కడుందో లెక్క కట్టుకునేది ట్రాకరే. ఆ లెక్కను సిమ్ ద్వారా మొబైల్ టవరుకు, అక్కడి నుంచి సర్వరుకు, సర్వరు నుంచి మీ ఫోనుకు చేర్చాలి. వినడం ఒక పని, చెప్పడం ఇంకో పని. రెంటిలో ఏది ఆగినా మ్యాపు మీద చుక్క నిలిచిపోతుంది.

ఆకాశం బాగా కనిపించే చోట 3 నుంచి 5 మీటర్ల తేడాతో స్థానం తెలుస్తుంది. ఎత్తయిన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు కొట్టుకుని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి చుక్క పదుల మీటర్లు పక్కకు జరుగుతుంది, పక్క వీధిలో కూడా కనిపిస్తుంది. సెల్లారులోకి వెళ్తే జీపీఎస్ అందదు. అప్పుడు చాలా ట్రాకర్లు దగ్గర్లోని మొబైల్ టవర్లను బట్టి అంచనా పంపుతాయి, ఆ తేడా కొన్ని వందల మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా ఉంటుంది. చిక్కేమిటంటే కొన్ని యాప్‌లు ఈ రెంటినీ ఒకే రకం చుక్కతో చూపిస్తాయి. మీ యాప్‌లో ఏది జీపీఎస్ స్థానమో, ఏది టవర్ అంచనానో ఎలా గుర్తుపట్టాలో ఇప్పుడే చూసి పెట్టుకోండి. పోలీసులను తప్పు వీధికి పంపాక తెలుసుకుని ప్రయోజనం లేదు.

కొనేటప్పుడు అడగాల్సినవి

మొదటి ప్రశ్న నెట్‌వర్క్ గురించే. పాత 2జీ, 3జీ నెట్‌వర్కులు ఒక్కో దేశంలో మూతపడుతున్నాయి. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసింది, ఆస్ట్రేలియాలో 2024లో 3జీ ముగిసింది. అలాంటి చోట పాత ట్రాకర్ పైకి లైట్లు వెలుగుతూ బాగానే కనిపిస్తుంది, టవరుకు మాత్రం ఒక్క ముక్క చేరదు. అందుకే 4జీతో పనిచేసేది, 4జీ అందనప్పుడు 2జీకి దిగగలిగేది తీసుకోండి. సిమ్ ఒకే కంపెనీకి కట్టుబడకుండా, అందిన నెట్‌వర్కును పట్టుకునే రకమైతే ఇంకా మేలు.

రెండోది లోపలి బ్యాటరీ. దొంగ బానెట్ ఎత్తి కారు బ్యాటరీ తీసేస్తే ట్రాకర్ తన సొంత బ్యాటరీ మీదే బతకాలి. చిన్న ట్రాకర్లలో ఇది 200 మిల్లీ ఆంపియర్ అవర్ల లోపే ఉంటుంది. సగటున 60 మిల్లీ ఆంపియర్లు లాగే పరికరానికి అది మూడున్నర గంటలు దాటదు. 1000 ఉన్నది పదహారు గంటలు లాగుతుంది. ఈ ఒక్క అంకె కోసమైనా స్పెసిఫికేషన్ కాగితం చదవండి.

డ్యాష్‌బోర్డు కింద, మెకానిక్ కారు లోపాలు చదివే ఓబీడీ పోర్టులో గుచ్చే ట్రాకర్లను దొంగతనం కోసం మేం సిఫార్సు చేయం. కారు నడిపిన తీరు, మైలేజీ చూసుకోవడానికి అవి బాగుంటాయి. కానీ ఆ పోర్టు ఎక్కడుంటుందో అందరికీ తెలుసు, చెయ్యి పెట్టి లాగితే ఒక్క క్షణంలో ఊడి వస్తుంది.

బిగించడం

మూడు వైర్లు కలపాలి: ఎప్పుడూ కరెంటు ఉండే 12 ఓల్టుల లైను, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఇగ్నిషన్ లైను, బాడీ ఎర్త్. ఏది ఏదో రంగు చూసి ఊహించొద్దు, మల్టీమీటరు పెట్టి చూడండి. ఇగ్నిషన్ ఆపి తాళంచెవి తీసి, తలుపులు వేసి, ఓ అరగంట ఆగాక కూడా 12 ఓల్టులు చూపితేనే అది నిజంగా ఎప్పుడూ ఉండే లైను. కొన్ని కార్లలో తాళంచెవి తీసిన కాసేపటికి కొన్ని లైన్లు వాటంతటవే ఆగిపోతాయి. అలాంటిదానికి కలిపితే ట్రాకర్ రోజూ రాత్రి తన బ్యాటరీ మీదకు పోతుంది, కొన్నాళ్లకు ఆ బ్యాటరీ చచ్చిపోతుంది.

కరెంటు తీసుకునే చోటికి వీలైనంత దగ్గరగా 1 నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టేస్తే అప్పటికి పనిచేస్తుంది. ఎండకు జిగురు కరిగి, కుదుపులకు మెలిక సడలి, ఏదో ఒక రోజు ఊడుతుంది. టంకం వేసి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, ఆపైన కారు వైరింగుకు చుట్టి ఉండే గుడ్డ టేపు లాంటిదే చుట్టండి. అతుకు గట్టిగా ఉండడమే కాదు, దొంగ ప్యానెల్ తీసి చూసినా కంపెనీ వైరింగులో కలిసిపోతుంది. పసుపు తొడుగు ఉన్న వైర్ల జోలికి వెళ్లకండి, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. పక్క పిల్లర్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగు విచ్చుకునే దారిలోనూ ఏదీ పెట్టొద్దు.

చోటు విషయంలో సూత్రం ఒకటే: పైన ప్లాస్టిక్కో గుడ్డో ఉండవచ్చు, లోహం ఉండకూడదు. డ్యాష్‌బోర్డు పైభాగం లోపల, వెనక పార్సెల్ ట్రే కింద, ప్లాస్టిక్ బంపరు వెనక బాగా పనిచేస్తుంది. బంపరు వెనకైతే నీళ్లు చొరని పరికరమే కావాలి. యాంటెన్నా ఉన్న ముఖం ఆకాశం వైపు తిప్పండి, చాలా పరికరాల మీద బాణం గుర్తో రాతో ఉంటుంది. వేడిని తిప్పికొట్టే లోహపు పూత ఉన్న అద్దాలు సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి, అలాంటి కార్లలో అద్దం దారినే నమ్ముకోకుండా చోటు మార్చి చూడాలి.

బ్యాటరీ లెక్క కూడా వేసుకోండి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న కారును నెల రోజులు కదపకుండా ఉంచారనుకుందాం. ట్రాకర్ నిద్రపోకుండా 50 మిల్లీ ఆంపియర్లు లాగుతూ ఉంటే నెలకు 36 ఆంపియర్ అవర్లు. అంటే కారు స్టార్టు కాదు. అదే నిద్రలోకి వెళ్లి 5 మిల్లీ ఆంపియర్లకు దిగితే 3.6 మాత్రమే. కదులుతున్నప్పుడు 10–30 సెకన్లకోసారి, ఆగి ఉన్నప్పుడు కొన్ని గంటలకోసారి పంపేలా సెట్ చేసి, కుదుపు తగిలితే నిద్ర లేచే సౌకర్యం ఆన్‌లో ఉంచండి.

సిమ్‌కు పిన్ లాక్ ఉంటే తీసేయండి, ఏపీఎన్ (సిమ్ ఇంటర్నెట్‌కు కలిసేందుకు వాడే పేరు) సరిగ్గా రాయండి, రీఛార్జి గడువును ఫోను క్యాలెండరులో వారం ముందు గుర్తుచేసేలా పెట్టండి. పాస్‌వర్డు మార్చడం మరవొద్దు. చౌక ట్రాకర్లలో చాలావాటికి 123456 అని ఉంటుంది. 2022 జులైలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా (CISA) ఒక చైనా తయారీ ట్రాకర్ విషయంలో హెచ్చరిక జారీ చేసింది. ఆ పరికరాన్ని దూరం నుంచే స్వాధీనం చేసుకుని ఇంధన సరఫరా ఆపే వీలుందని అందులో ఉంది. మీ కారు ఎక్కడుందో మీకన్నా ముందు దొంగకు చెప్పే ట్రాకర్ ఉండడం కన్నా లేకపోవడమే నయం.

దొంగ రాకముందే మీరే దొంగలా చూడండి

బిగించినరోజే మూడు పరీక్షలు చేయాలి, ఆపైన మూడు నెలలకోసారి. ఒకటి, కారు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి గడియారం చూడండి. కరెంటు పోయిందన్న అలర్టు నిమిషంలోపు రావాలి. ఆ వైరు అలాగే ఉంచి, ట్రాకర్ ఎన్ని గంటలు పలికిందో రాసుకోండి. రెండు, సెల్లారులో రెండు గంటలు ఉంచి బయటికి తెచ్చి, ఎంతసేపటికి సరైన చోటు చూపిందో చూడండి. మంచి రిసీవరు తెరిపి చోట అర నిమిషం అటూఇటూగా స్థానం పట్టాలి, ఎందుకంటే ఉపగ్రహం తన కక్ష్య వివరాలు 30 సెకన్లకోసారి మళ్లీ చెబుతుంది. మూడు, ఇగ్నిషన్ ఆన్ చేయకుండానే కారును కొద్దిగా నెట్టించండి. టోయింగ్ బండి మీద ఎక్కించుకుపోయేటప్పుడు ఇగ్నిషన్ ఆన్ కాదు, కదలిక అలర్టు ఒక్కటే దిక్కు.

జియోఫెన్స్ అంటే కారు దాటితే అలర్టు వచ్చేలా మ్యాపు మీద గీసే హద్దు. దాని పరిధి 100 నుంచి 200 మీటర్లు పెట్టండి. 20 మీటర్లు పెడితే ఆగి ఉన్న కారు చుక్క అటూఇటూ ఊగినప్పుడల్లా ఫోను మోగుతుంది. నాలుగు రాత్రులు ఊరికే మోగితే అయిదో రాత్రి మీరే ఆపేస్తారు. ఈ ఒక్క అలర్టుకు మాత్రం ఫోను సైలెంట్‌లో ఉన్నా మోగే అనుమతి ఇవ్వండి.

జామర్, రెండో పరికరం

అంత దూరం నుంచి వచ్చే జీపీఎస్ సిగ్నల్ నేల చేరేసరికి అతి బలహీనంగా ఉంటుంది, సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే చిన్న జామర్ చాలు దాన్ని ముంచేయడానికి. అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయం దగ్గర ఒక డ్రైవరు తాను తిరిగే చోట్లు యజమానికి తెలియకూడదని ట్రక్కులో పెట్టుకున్న జామర్, విమానాలను దింపేందుకు పరీక్షిస్తున్న జీపీఎస్ వ్యవస్థనే దెబ్బతీసింది. 2013లో అతనికి సుమారు 32,000 డాలర్ల జరిమానా ప్రతిపాదించారు. జామర్‌ను పసిగట్టి హెచ్చరించే ట్రాకర్లు ఉన్నాయి, కానీ మొబైల్ సిగ్నల్‌నూ కలిపి మూసేస్తే ఆ హెచ్చరికా బయటికి రాదు. ఇనుప కంటైనరులో పెట్టినా ఇదే పరిస్థితి.

అందుకే వేరే దారిలో పలికే రెండో పరికరం ఉండాలి. లోజాక్ తరహా వీహెచ్ఎఫ్ (రేడియో తరంగాలతో జాడ చెప్పే) పరికరాలు అమెరికాలో 173.075 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవి, గ్యారేజీ గోడలను జీపీఎస్ కన్నా మెరుగ్గా దాటేవి. పోలీసు వాహనాల్లో రిసీవర్లు ఉన్న ప్రాంతంలోనే వాటికి విలువ. బ్లూటూత్ ట్యాగులు చౌక, సిమ్ అక్కర్లేదు, ఎయిర్‌ట్యాగుకైతే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఏడాది దాకా వస్తుంది. దగ్గర్లో ఎవరి ఫోనో ఉంటేనే అవి పలుకుతాయి. పైగా మనుషులను రహస్యంగా వెంటాడకుండా పెట్టిన రక్షణ దొంగకూ వర్తిస్తుంది: తెలియని ట్యాగు వెంట వస్తోందని అతని ఫోనుకే కబురు పోతుంది. 2024 మే నుంచి ఐఫోన్, ఆండ్రాయిడ్ రెంటిలోనూ ఈ హెచ్చరిక ఉంది. కాబట్టి ట్యాగు తొలి గంటకు ఆసరా, అంతవరకే.

పోయిందని తెలిశాక

మొదట టోయింగ్ వాళ్లు తీసుకెళ్లలేదని తేల్చుకోండి. వెంటనే యాప్ తెరిచి స్థానం, సమయం రెండూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. చుక్క పక్కనున్న సమయమే ముఖ్యం, నలభై నిమిషాల కిందటి చుక్క కారు కాదు, దాని జాడ. పోలీసులకు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు, చాసిస్ నంబరు, రంగు, గీతలు సొట్టలు లాంటి గుర్తులు, చివరి స్థానం, అది ఎప్పటిదో చెప్పండి. వీలుంటే లైవ్ లింకు పంపండి. కరెంటు పోయిన అలర్టు వచ్చి ఉంటే 10 సెకన్లకోసారి పంపమని ట్రాకర్‌ను తొందరపెట్టకండి, లోపలి బ్యాటరీ ముందే ఖాళీ అవుతుంది.

ఇంజన్ ఆపే రిలే ఉన్నా కదులుతున్న కారు మీద వాడొద్దు. వేగంలో ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుస్తుంది, బ్రేకు సాయం తగ్గుతుంది, ఎదురొచ్చేవాళ్ల ప్రాణాలకు ముప్పు. కారు ఆగినట్టు కనిపించాక, పోలీసులు చెబితేనే. మీరు ఒంటరిగా చుక్క వెంట వెళ్లకండి.

కారు ఏదో వీధిలో ఊరికే ఆగి ఉంటే వదిలేశారనుకోవద్దు. ట్రాకర్ ఉందేమో, ఎవరైనా వస్తారేమో చూడడానికి దొంగలు కొన్ని గంటలో, రోజులో అలా నిలిపి ఉంచుతారు. పోలీసులు చేరుకోవడానికి దొరికే అదను అదే. దొరికాక వేలిముద్రలు తీసేదాకా స్టీరింగు ముట్టకండి, ఆ రోజుల రూటు చరిత్రను సర్వరు నుంచి వెంటనే డౌన్‌లోడ్ చేయండి. కొన్ని సర్వీసులు పాత రికార్డును కొన్నాళ్లకు తుడిచేస్తాయి, కేసుకూ బీమాకూ అడిగేది అదే.