కార్డు పేరుంది, బొమ్మ లేదు: కాకట్రైస్‌తో వచ్చే తంటాలు

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట కార్డులు ఒక డబ్బా దాటాక ఏది ఉందో, ఏది ఎన్ని ఉన్నాయో ఎవరికీ గుర్తుండదు. నేను కాకట్రైస్ అనే ప్రోగ్రాం వాడతాను. ఉచితం, ఓపెన్ సోర్స్. నిజానికి అది నెట్‌లో ఆడుకోవడానికి చేసింది, కానీ నా కలెక్షన్ మొత్తాన్ని డెక్ ఎడిటర్‌లో ఒక పెద్ద డెక్కుగా (ఆటకి పేర్చుకునే కార్డుల కట్టగా) సేవ్ చేసుకుంటే లెక్క చక్కగా ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసుకున్న స్నేహితులు నన్ను అడిగేదంతా దాదాపు కార్డుల బొమ్మల గురించే. నెట్ బాలేదనుకుంటారు గానీ చాలాసార్లు తేడా ఫైల్ పేరు దగ్గరే ఉంటుంది. కింద చెప్పేదంతా విండోస్‌కే.

సమస్య: ప్రోగ్రాం తెరుచుకుంది, కార్డుల లిస్టు ఖాళీ

ఇన్‌స్టాల్ అయ్యాక ఒరాకిల్ అనే ఇంకో చిన్న విండో వస్తుంది. అదేదో యాడ్ అనుకుని మూసేస్తారు. కార్డుల వివరాలు దించేది అదే, ఎమ్‌టీజీ జేసన్ అనే కార్డుల డేటా సైట్ నుంచి పెద్ద ఫైల్ తెచ్చి కాకట్రైస్ చదివే రూపంలోకి మారుస్తుంది. హెల్ప్ మెనూలో కార్డ్ అప్‌డేట్స్ చెక్ చేసే ఆప్షన్ నొక్కితే మళ్ళీ వస్తుంది, ఈసారి చివరిదాకా నెక్స్ట్ కొట్టండి. ఆఫీస్ నెట్ అయితే ఆ సైట్‌ని బ్లాక్ చేసి ఉండొచ్చు, ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒకసారి ప్రయత్నించండి. కొత్త సెట్ (ఒకేసారి విడుదలయ్యే కార్డుల గుంపు) కార్డులు కనబడకపోయినా మందు ఇదే. ఆ తర్వాత మేనేజ్ సెట్స్‌లో ఆ సెట్‌కి టిక్ ఉందో లేదో చూసుకోవాలి.

సమస్య: అసలు తెరుచుకోవడమే లేదు, ఏదో డీఎల్ఎల్ లేదంటోంది

డీఎల్ఎల్ అంటే ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన సహాయక ఫైల్. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్, 64 బిట్‌ది వేసుకోండి. డీఎల్ఎల్ ఒక్కదాన్నే ఎక్కడెక్కడి సైట్లనుంచో తెచ్చి పడేయకండి, దానితో పాటు ఇంకేం వస్తుందో ఎవరూ చెప్పలేరు.

సమస్య: నేను పెట్టిన బొమ్మ రావడం లేదు

ముందు ఏ ఫోల్డర్లో పెట్టారో చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పోర్టబుల్ అని ఎంచుకుంటే డేటా అంతా ప్రోగ్రాం ఉన్న చోటే ఉంటుంది, మామూలుగా వేస్తే యాప్‌డేటాలో ఉంటుంది, అది దాచిపెట్టిన ఫోల్డర్. ఒకటి వేసి రెండో దాంట్లో బొమ్మలు కుమ్మరించి గంటలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు (ఆ జాబితాలో మొదటి పేరు నాదే). వెతుక్కోవడం ఎందుకు, కార్డ్ డేటాబేస్ మెనూలోంచే కస్టమ్ బొమ్మల ఫోల్డర్ తెరవండి.

ఫోల్డర్ సరిగ్గానే ఉంటే ఫైల్ పేరు చూడండి. విండోస్ ఎక్స్‌టెన్షన్ దాచేస్తుంది కాబట్టి మీరు పేరు చివర .జేపీజీ అని కొడితే అసలు పేరు .జేపీజీ.జేపీజీ అయి కూర్చుంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి టిక్ పెడితే నిజం బయటపడుతుంది.

తర్వాత పేరులోని గుర్తులు. ఫైల్ పేర్లలో : ? / లాంటివి విండోస్ ఒప్పుకోదు. 'సర్కిల్ ఆఫ్ ప్రొటెక్షన్: రెడ్' 1993 నుంచి ఉన్న కార్డు, దాని బొమ్మకి పేరు పెట్టేటప్పుడు : తీసేయాలి. 'ఫైర్ // ఐస్' లాంటి జంట కార్డులకి రెండు గీతలూ, వాటికి అటూ ఇటూ ఉన్న ఖాళీలూ తీసి, రెండు పేర్లూ కలిపి ఒకే పదంగా రాయాలి. మీ ఇష్టానికి మధ్యలో డ్యాష్ పెట్టారో, ప్రోగ్రాం దాన్ని గుర్తుపట్టదు.

ఇంకొకటి, కస్టమ్ ఫోల్డర్లో పెట్టిన బొమ్మ ఆ పేరున్న కార్డుకి అన్ని సెట్లలోనూ వస్తుంది. ఒక్క సెట్‌కే కావాలంటే బొమ్మల ఫోల్డర్లో ఆ సెట్ కోడ్ (సెట్‌కి ఇచ్చే పొట్టి పేరు) పేరుతో సబ్‌ఫోల్డర్ చేసి అందులో పెట్టాలి. అక్కడే నాకు బాగా నచ్చిన సమస్య వస్తుంది.

సమస్య: ఒకే ఒక్క సెట్‌కి ఫోల్డర్ తయారు కావడం లేదు

ఆ సెట్ 2009లో వచ్చిన కాన్‌ఫ్లక్స్. మొత్తం 145 కార్డులు, పాత్ టు ఎగ్జైల్, నోబుల్ హైరార్క్ అనే కార్డులు మొదట వచ్చింది ఇందులోనే. దాని కోడ్ సి-ఓ-ఎన్. ఇప్పుడే డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ తీసి ఇంగ్లిష్‌లో ఆ మూడక్షరాలు కొట్టి చూడండి, ఆ డివైస్ పేరు చెల్లదని విండోస్ మొహం మీదే చెప్పేస్తుంది. విండోస్‌కి ముందున్న డాస్ రోజుల్లో కీబోర్డూ స్క్రీనూ కలిపి కన్సోల్ అని పిలవడానికి ఆ పేరు కేటాయించేశారు, ప్రింటర్‌కి పి-ఆర్-ఎన్ కేటాయించినట్టే, ఆ పాత లెక్క ఇంకా నడుస్తోంది. అడ్మిన్‌గా ప్రయత్నించినా, రీస్టార్ట్ చేసినా లాభం లేదు. ఫోల్డర్ పేరు చివర ఒక అండర్‌స్కోర్ పెట్టండి, కాకట్రైస్ కూడా విండోస్ కోసం ఆ పేరుతోనే వెతుకుతుంది.

సమస్య: ఎక్సెల్‌లో సరిచేసిన లిస్టు మళ్ళీ ఎక్కిస్తే కొన్ని కార్డులు దొరకలేదంటోంది

లిమ్-డూల్, సేయాన్స్ లాంటి కార్డుల పేర్లలో అక్షరాల నెత్తిన గుర్తులుంటాయి. లిస్టు ఉన్న సీఎస్‌వీ ఫైల్‌ని (కామాలతో విడదీసిన టెక్స్ట్ పట్టిక) డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ వాటిని పిచ్చి గీతలుగా మార్చేస్తుంది, అలాగే సేవ్ చేస్తే ఇక అంతే. డేటా మెనూలోంచి ఫ్రమ్ టెక్స్ట్ అని తెచ్చుకుని ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి.

సమస్య: కాసేపు బొమ్మలు దిగాయి, తర్వాత 429 అని ఆగిపోయింది

సొంత స్క్రిప్టుతో స్క్రైఫాల్ అనే కార్డుల సైట్ నుంచి బొమ్మలు దించేవాళ్ళకి వచ్చేది ఇది. మరీ వేగంగా అడుగుతున్నారని అర్థం. ఒక్కో రిక్వెస్టుకి మధ్య ఆ సైట్ చెప్పినంతసేపు ఆగమనండి, కార్డుల వివరాల కోసమైతే ఒక్కొక్కటి అడగకుండా వాళ్ళే ఇచ్చే బల్క్ ఫైల్ ఒకేసారి తెచ్చుకోండి. 429 వచ్చాక కూడా లూప్ తిప్పుతూ ఉంటే మిమ్మల్ని బ్లాక్ చేయొచ్చు. స్క్రిప్ట్ ఆపేసి, అప్పటిదాకా దిగిన ఫైళ్ళ పేర్లు ఒకసారి చూసుకుని, అవి ఉన్నచోట మళ్ళీ దించకుండా స్క్రిప్టులో ఒక ఇఫ్ (షరతు) పెట్టి అప్పుడు నడపండి.