తొలకరికి ముందు వీధి పిల్లల దోమల వేట: తీసుకోవలసిన జాగ్రత్తలు

నైరుతి ఋతుపవనాలు తెలుగు రాష్ట్రాలకు సాధారణంగా జూన్ మొదటి రెండు వారాల్లో చేరుకుంటాయి, బడులు తెరిచేదీ ఇంచుమించు అప్పుడే. ఆ లోపు మిగిలిన సెలవుల్లో వీధిలోని పిల్లలు జట్టుకట్టి ఇంటింటా నిల్వ నీటిని వెతికి పారబోయిస్తే డెంగీ ముప్పు చాలావరకు తగ్గుతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగు కాలువలో కాక, మన ఇళ్ళలోని మంచినీటిలోనే పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కనుకనే శుక్రవారం డ్రై డే, అంటే వారానికొకసారి నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, పాటించమంటారు.

పిల్లల చూపు పెద్దల కంటే చురుకైనది. పూలకుండీ కింది పళ్ళెం, కూలరు అడుగు, ఫ్రిజ్ వెనుక ట్రే, పెరట్లో వాడని రుబ్బురోలు, కొబ్బరి చిప్పలు వాళ్ళు వెతకవలసిన చోట్లు. నీటిపై మనిషి నీడ పడగానే దోమ పిల్లలు వంకర్లు తిరుగుతూ అడుగుకు దిగిపోయి, కాసేపటికి గాలి కోసం మళ్ళీ పైకి వస్తాయి. అందువల్ల తొట్టిలోకి ఒకసారి తొంగిచూసి ఏమీ లేవని వచ్చేయకుండా, ఒకటి రెండు నిమిషాలు కదలకుండా నిలబడి చూడాలని ముందే నేర్పాలి. ఆ నీటిని కాలువలో కాక ఎండిన నేల మీద పోయించాలి. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి కాబట్టి తొట్టిని పీచుతో రుద్ది కడగనిదే పని పూర్తయినట్టు కాదు.

అన్నిటికంటే నాకు భయం సంపుల గురించే. సంపు మూత తెరవడం, మ్యాన్‌హోల్ దగ్గరకు వెళ్ళడం, మేడమీది ట్యాంకు ఎక్కడం, కాలువలో దిగడం పిల్లలు చేయవలసిన పనులు కావు; అవి కనబడితే పుస్తకంలో ఇంటి నంబరు రాసుకొని వెంట ఉన్న పెద్దవారికి చెప్పడంతో వాళ్ళ బాధ్యత తీరుతుంది. ఈ మాటను బయలుదేరే ముందు ప్రతిసారీ చెప్పాలి, ఎందుకంటే పదేళ్ళ పిల్లవాడికి ఉత్సాహంలో నిన్నటి హెచ్చరిక గుర్తుండదు. కూలరును ఇంటివారే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి ఇచ్చిన తరువాతనే ముట్టుకోవాలి. దోమల మందులు, కిరోసిన్ పిల్లల చేతికి ఇవ్వరాదు.

పాత టైర్లు, పెంకుల గుట్టల కింద తేళ్ళు, పాములు ఉండవచ్చు. వాటిని పిల్లలు కదపకూడదు, పెద్దలే కర్రతో కదిపి చూడాలి. చెత్తలో సూదులు, గాజు పెంకులు కనిపిస్తే దూరంగా నిలబడి చూపించడమే తప్ప ఏరడం వద్దు. ఏడిస్ పగటిపూటే కుడుతుంది కాబట్టి నిండు చేతుల చొక్కా, కాళ్ళకు బూట్లు ఉండాలి. పదేళ్ళకు, పదహారేళ్ళకు వేయవలసిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా పడిందో లేదో తల్లిదండ్రులు చూసుకోవాలి.

ఎండ ముదరక ముందే, ఉదయం తొమ్మిదిలోపు ముగించడం మంచిది. జట్టుకు ఐదారుగురు, తోడుగా ఇద్దరు పెద్దలు ఉండాలి. ఇంటివారు పిలిచి రమ్మంటేనే లోపలికి వెళ్ళాలి, ఒంటరిగా ఎవరినీ పంపరాదు. ఏ ఇంట్లోనైనా జ్వరమని తెలిస్తే ఆశా కార్యకర్తకు పెద్దలే కబురు చేయాలి. తిరిగి వచ్చాక సబ్బుతో చేతులు, కాళ్ళు కడిగించి, నీరు దొరికిన ఇళ్ళ జాబితాను వచ్చే శుక్రవారానికి భద్రపరచాలి. మొదట మళ్ళీ చూడవలసినవి ఆ ఇళ్ళే.