మార్చిన తుంటి మళ్లీ నొప్పి పెడితే: రివిజన్ ఆపరేషన్‌లో సమస్య - పరిష్కారం

తుంటి మార్పిడి జరిగిన కీలు విఫలమైనప్పుడు, ఏ భాగాన్ని మార్చాలన్నదానికంటే అది ఎందుకు చెడిందన్నది ముందుగా తేల్చాలి. కారణం తెలియకుండా చేసిన రివిజన్ (పాత కృత్రిమ కీలును మళ్లీ మార్చే ఆపరేషన్) నొప్పిని తీర్చకపోగా మిగిలిన ఎముకను కూడా తగ్గిస్తుంది.

సమస్య: కదలకుండా పడుకున్నా, రాత్రిళ్లు కూడా తగ్గని నొప్పి

కారణం ఇన్ఫెక్షన్ కావచ్చు. కాదని రుజువయ్యేవరకు అదే అనుకోవడం క్షేమం. ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పెరిగి ఉంటే కీలులోని ద్రవాన్ని సూదితో తీసి, తెల్లకణాల లెక్కకూ కల్చర్‌కూ (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) పంపాలి. అంతకుముందు కనీసం 2 వారాలు యాంటీబయాటిక్స్ ఆపకపోతే క్రిమి ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు. ఎవరో రాసిచ్చిన మాత్రలు అప్పటికే వాడి వచ్చిన రోగికి ఈ ఆగడం ఎందుకో వివరించడం కొన్నిసార్లు ఆపరేషన్ కంటే కష్టం.

పరిష్కారం: మొదటి ఆపరేషన్ జరిగిన కొద్ది వారాలలోపే బయటపడితే, కీలును శుభ్రంగా కడిగి, బంతినీ లైనర్‌నూ (బంతి తిరిగే లోపలి పొర) మార్చి, ఎముకకు అతుక్కున్న భాగాలను ఉంచవచ్చు. ఆలస్యమైతే లోహం మీద క్రిములు పొరగా పేరుకుంటాయి కాబట్టి అన్నిటినీ తీసివేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటుతో చేసిన స్పేసర్‌ను (తాత్కాలిక దిమ్మెను) పెట్టి, ఇన్ఫెక్షన్ తగ్గాక కొత్త కీలు అమర్చాలి. క్రిమి ముందే తెలిసి, చుట్టూ ఉన్న కండ బాగుంటే ఒకే దఫాలో మార్చే పద్ధతి కూడా ఉంది. జర్మనీలోని హాంబర్గ్ వైద్యులు దానికి ప్రసిద్ధులు.

సమస్య: లేచి వేసే మొదటి అడుగుల్లో నొప్పి

అది తొడలో ఉంటే స్టెమ్ (తొడ ఎముకలోకి దించిన కాడ), గజ్జలో ఉంటే కప్పు (కటి ఎముకలో అమర్చిన గిన్నె) వదులైందని అనుమానించాలి. లైనర్ అరిగి రాలిన పాలిథిలిన్ (ఒక ప్లాస్టిక్) రేణువులను మింగిన శరీర రక్షక కణాలు చుట్టూ ఉన్న ఎముకను కరిగించేలా చేస్తాయి. ఒక్క ఎక్స్‌రే చాలదు. పాతవాటిని వరుసగా పక్కన పెట్టి చూస్తేనే స్టెమ్ కుంగడం కనిపిస్తుంది.

పరిష్కారం: స్టెమ్ లేదా సిమెంటు గట్టిగా పట్టుకొని రాకపోతే తొడ ఎముక పై భాగాన్ని ఒక పక్క పొడవుగా కోసి, కండరాలు అంటిపెట్టుకొని ఉండగానే తలుపులా తెరవాలి, బలవంతంగా లాగి ఎముకను పగలగొట్టడంకంటే ఇదే మేలు. కింద గట్టి ఎముకలో పట్టు దొరికే పొడవైన టైటానియం స్టెమ్ దించి, తెరిచిన భాగాన్ని తీగలతో కట్టాలి. కప్పు దగ్గర ఎముక ఎంత పోయిందో ప్యాప్రోస్కీ వర్గీకరణ అనే పద్ధతితో అంచనా వేస్తారు. లోటు స్వల్పమైతే స్క్రూలతో బిగించే పెద్ద కప్పు చాలు. ఎక్కువైతే టాంటలం అనే లోహపు దిమ్మెలు, కటి ఎముక రెండుగా విడిపోతే కప్పు మీద కేజ్ (లోహపు చట్రం) అవసరమవుతాయి.

సమస్య: కీలు పదేపదే జారడం

కప్పు వాలు 40 డిగ్రీలు, ముందుకు తిరుగుడు 15 డిగ్రీలు, రెండింటిలోనూ అటూ ఇటూ 10 డిగ్రీలు సురక్షితమని 1978లో లెవినెక్ బృందం చెప్పింది. అయితే ఆ హద్దుల్లో ఉన్నవీ జారుతున్నాయి కాబట్టి ఆ కొలత ఒక్కటే నమ్మదగినది కాదు. భాగాల దిశ తప్పితే సరిచేయాలి. తుంటి పక్క కండరాలు బలహీనమైతే డ్యూయల్ మొబిలిటీ కప్పు (రెండు చోట్ల కదిలే కప్పు) మెరుగు.

సమస్య: సిరామిక్ బంతి పగలడం

ముక్కలతోపాటు కీలు పొరను వీలైనంత పూర్తిగా తీసివేయాలి. బదులుగా లోహపు బంతి పెడితే, మిగిలిన సన్నని రజను దాన్ని గీరి త్వరగా అరగదీస్తుంది. అందుకే టైటానియం తొడుగుతో వచ్చే కొత్త సిరామిక్ బంతినే వాడాలి.