కూలర్ తిరుగుతున్నా ఒళ్లు జిడ్డే: సీమ ఇళ్లలో తేమ, సమస్య - పరిష్కారం

ముందు ఒక హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచే మీటరు) కొనుక్కోండి. ఇంట్లో గాలి తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే ఒంటికీ మంచిది, గోడలకూ మంచిది. మీటరును ఒకసారి పరీక్షించాలి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత వరకే నీళ్లు చల్లి, మీటరుతో కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టండి. 8 గంటలయ్యాక 75 దగ్గర చూపాలి. 70 చూపితే, ఇకపై కనబడిన అంకెకు 5 కలుపుకోండి.

ఎండాకాలంలోనే, కూలర్ వేసినా ఉక్కపోత

కారణం తలుపులు మూయడమే. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. ఆ తడిగాలి బయటికి పోకపోతే గదిలోనే పేరుకుంటుంది. కూలర్ వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదురు కిటికీ తెరవాలి. అక్కడ అగరుబత్తి పట్టండి. పొగ బయటికి లాగకపోతే సందు చాలలేదన్నట్టే.

ఏప్రిల్‌లో బాగున్న కూలర్ ఆగస్టులో పనిచేయదు

ఇది రిపేరు కాదు, మోటారు మార్చి డబ్బు పోగొట్టుకోవద్దు. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న అనంతపురం మధ్యాహ్నంలో మంచి కూలర్ గాలిని 26 దాకా దింపుతుంది. 32 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న వానాకాలంలో 28 దగ్గరే ఆగిపోతుంది, పైగా తేమ పెంచుతుంది. మీటరు 60 దాటితే పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటే నడపండి.

కూలర్ గాలి నీచువాసన, గడ్డి మీద తెల్ల పెచ్చులు

వాసనకు కారణం నిలవనీళ్లు, పెచ్చులకు బోరునీటి సున్నం. వారానికొకసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు కూడా పోతాయి. గడ్డి ఏటా మార్చాల్సిందే.

గోడ అడుగున తెల్లపొడి, రంగు ఊడటం

ముందు చెమ్మ ఎక్కడిదో తేల్చండి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి 2 రోజులు ఉంచండి. కాగితం పైన తడి ఉంటే గదిగాలి తేమ: గాలి ఆడనివ్వండి, తడిబట్టలు లోపల ఆరేయొద్దు. లోపలివైపు తడి ఉంటే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. పునాది దగ్గర నీళ్లు నిలుస్తున్నాయేమో, బాత్‌రూము పైపు కారుతోందేమో చూసి ముందు అది ఆపాలి.

పొడిని కడగొద్దు. అది గోడలోంచి వచ్చిన ఉప్పు, కడిగితే కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. పొడి బ్రష్‌తో దులిపి ఎత్తిపారేయండి. గోడ ఆరడానికి నెలలు పడుతుంది, తొందరపడి పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే చెమ్మ లోపలే చిక్కి పొర ఉబ్బి ఊడుతుంది. ఆరాక సున్నం వేయండి, దాని గుండా మిగిలిన చెమ్మ బయటికి పోతుంది. బీరువాను ఆ గోడకు జానెడు దూరంగా జరపండి.