కలలో మెలకువ – 5వ పాఠం: పొద్దున ఈ అలసట ఎక్కడిది?

ఈ వారం కలను ఎక్కువసేపు నిలుపుకోవడం గురించి చెప్పాలి. చెప్పడం లేదు. కల కంటూనే 'ఇది కల' అని తెలుసుకోవడమే కలలో మెలకువ, దాన్నే లూసిడ్ కల అంటారు. దానికోసం పోయిన పాఠంలో, నిద్రపట్టిన ఐదు గంటలకు అలారంతో లేచి, ఇరవై నిమిషాలు మేలుకుని, 'ఈసారి కల వస్తే అది కలని గుర్తుపడతాను' అని సంకల్పం చెప్పుకుని మళ్లీ పడుకోమన్నాను. అది చేసినవాళ్లలో చాలామంది మర్నాడంతా నిద్రమత్తుతో గడిపామని రాశారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: "కలలో కూడా నేను ఆలోచిస్తూనే ఉన్నాను కదా సార్, ఇక మెదడుకి రెస్ట్ ఎప్పుడు?"

అమ్మా, మామూలు కలలోనూ మెదడు ఊరికే ఉండదు. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో కీత్ హర్న్ చేసిన ప్రయోగంలో, కలగంటున్న మనిషి ముందే అనుకున్న ప్రకారం కళ్లను ఎడమకీ కుడికీ తిప్పి 'ఇది కల అని నాకు తెలుసు' అని సంకేతం ఇచ్చాడు. అప్పుడు కూడా అతను రెమ్ నిద్రలోనే, అంటే కళ్లు వేగంగా కదులుతూ కలలు ఎక్కువగా వచ్చే దశలోనే, ఉన్నాడని యంత్రాలు చూపించాయి. ఎరుక వచ్చినంత మాత్రాన నిద్ర చెదరలేదు. లూసిడ్ కలలు తరచుగా వచ్చేవాళ్లకు నిద్ర సరిగా ఉండదన్నట్టు జర్మనీలో చేసిన సర్వేలు మొదట చూపించాయి. పీడకలల ప్రభావం పక్కన పెట్టి చూస్తే ఆ సంబంధం మిగల్లేదు. మీ అలసట కల వల్ల వచ్చింది కాదు, అలారం వల్ల వచ్చింది.

అలారం దగ్గర జరిగిన పొరపాటు నన్ను నిజంగా బాధపెట్టింది. 'నిద్రపట్టిన ఐదు గంటలకు' అని రాసి, ఉదాహరణకి 'పదిన్నరకు పడుకుంటే మూడున్నరకు' అన్నాను. చాలామంది ఐదు గంటలు వదిలేసి మూడున్నర పట్టుకున్నారు. ఆ అమ్మాయి పడుకునేది ఒంటిగంటకు. మూడున్నరకు లేస్తే రెండున్నర గంటల నిద్రే. గాఢనిద్ర ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ మొదటి గంటల్లోనే. హైటెక్ సిటీలో సెకండ్ షిఫ్ట్ చేసి మూడింటికి పక్క ఎక్కే ఆయన కూడా మూడున్నరే పెట్టారు! ఇంకొకరు పదిన్నరకే పడుకున్నారు గానీ నిద్రపట్టేసరికి పావు తక్కువ పన్నెండు. ఆయన అలారం నాలుగు ముప్పావుకు మోగాలి. గాఢనిద్రలోంచి లేపితే తల దిమ్ముగా ఉంటుంది, రెమ్ కూడా దొరకదు. రెమ్ ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే. ఒంటిగంటకు పడుకునేవాళ్లు అలారం ఆరింటికి పెట్టి, మళ్లీ ఎనిమిదిన్నర దాకా పడుకోగలగాలి. ఏడింటికి కోచింగ్ క్లాసు ఉంటే ఆ రోజు ఈ సాధనే వద్దు.

మధ్యలో లేచి ఉన్న ఇరవై నిమిషాలూ పొద్దున కలిపి పడుకోండి. ఎక్కువసేపు మేలుకుని ఉండక్కర్లేదు కూడా. అడిలైడ్ యూనివర్సిటీ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సంకల్పం చెప్పుకున్న ఐదు నిమిషాల్లోపు నిద్రపోయినవాళ్లకు 46 శాతం ప్రయత్నాల్లో లూసిడ్ కల వచ్చింది. నేనైతే ఫోన్ అలారం వాడను. చేతి వాచీ వైబ్రేషన్ చాలు. ఇంట్లోవాళ్లు లేవరు, వాట్సాప్ కంటపడదు.

ఒకప్పుడు నెలరోజులు వరసగా రాత్రిపూట అలారంతో లేచాను. ఒక పొద్దున మెహదీపట్నం సిగ్నల్ దగ్గర బండి మీద ఉన్నాను. పచ్చలైటు నాకు కనిపిస్తూనే ఉంది. వెనక ఆటో హారన్ కొట్టేదాకా చెయ్యి యాక్సిలరేటర్ తిప్పలేదు. అప్పటినుంచి వారానికి ఒక్క రాత్రే, అదీ మర్నాడు సెలవుంటేనే. నిద్రలేమితో బాధపడేవాళ్లు, షిఫ్టులు మారేవాళ్లు అసలు మొదలుపెట్టొద్దు.

ఇక సాధన. మూడు వారాలు పడుతుంది. మొదటి శనివారం మామూలుగా పడుకోండి. రెండో శనివారం అలారంతో లేచి, కల గురించి ఏ ప్రయత్నమూ చేయకుండా మళ్లీ పడుకోండి. మూడో శనివారం అలారంతో లేచి కలకు ప్రయత్నించండి. మూడుసార్లూ ఆదివారం లేచిన అరగంటకు, టీ తాగకముందే, ఎంత హుషారుగా ఉన్నారో పదికి మార్కు వేసి పుస్తకంలో రాయండి. అరగంట ఎందుకంటే, లేవగానే ఉండే మత్తు అందరికీ ఉంటుంది. నిద్రపట్టిన టైము, లేచిన టైము పక్కనే ఉండాలి. బోరుగా ఉంటుందని రెండో వారం ఎగ్గొట్టకండి. అది లేకపోతే తగ్గిన మార్కు అలారం వల్లో కల వల్లో తేలదు. మూడు మార్కులూ పంపితే 6వ పాఠం వాటితోనే మొదలుపెడతాను.