కత్తి పిడి మన చేత్తోనే – 3వ భాగం: సాండ్‌పేపర్, నూనె

పోయిన భాగంలో పిడికి రెండు పక్కలా తుమ్మ చెక్కలు అతికించి, ఇత్తడి రివిట్లు కొట్టి, ఆకురాయితో షేప్ తెచ్చాం కదా. ఇప్పుడు చూడ్డానికి పిడిలాగే ఉంటది గానీ పట్టుకుంటే గరుగ్గా గీరుకుంటది.

ముందు కత్తి అంచుకి అట్టముక్క మడిచి పెట్టి పైన టేప్ గట్టిగా చుట్టండి. ఐదు నిమిషాల పనే కదా అని నేనొకసారి చుట్టకుండా కూర్చున్నా, బొటనవేలికి ఇప్పటికీ గీత ఉంది. మూతికి మాస్క్ కూడా పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

సాండ్‌పేపర్ 120, 220, 320, 400 ఈ వరసలో పోవాలి, నంబర్ పెరిగేకొద్దీ పేపర్ గరుకు తగ్గుతది. చాలామంది 120 నుంచి డైరెక్టుగా 400కి దూకేస్తారు, పైకి నున్నగానే అనిపిస్తది, నూనె పడగానే లోపలి గీతలన్నీ బయటపడతాయి, అప్పుడు మళ్ళీ మొదటికే. దీనికి చిన్న ఉపాయం ఉంది, నంబర్ మార్చే ముందు పిడి మొత్తం పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసి, అవి పూర్తిగా పోయేదాకా రుద్దండి, ఎక్కడైనా గీత మిగిలిందంటే అక్కడ పల్లం ఉన్నట్టే. తర్వాత ఫోన్ టార్చ్ పక్క నుంచి వాల్చి వేసి చూడండి, అడ్డంగా ఉన్న గీతలు భలే కనపడతాయి. రుద్దడం ఎప్పుడైనా చెక్క నార పోయే దిక్కులోనే.

రివిట్ల దగ్గర మాత్రం పేపర్‌ని వేలితో నొక్కొద్దు. ఇత్తడి గట్టిది, చెక్క మెత్తది, వేలితో రుద్దితే చుట్టూ చెక్క అరిగిపోయి రివిట్ బొడిపెలాగా పైకి తేలుతది. పేపర్‌ని చిన్న చదునైన చెక్కముక్కకి చుట్టి రుద్దితే రెండూ సమానంగా దిగుతాయి.

220 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. పడుకున్న నార అంతా లేచి పిడి మళ్ళీ గరుగ్గా అవుతది, కంగారు పడకండి, మనకి కావాల్సింది అదే, ఇప్పుడే లేపి తీసేస్తే రేపు కూరగాయలు తరిగేటప్పుడు తడికి లేవదు. కానీ తడి చేసే ముందు, రుద్దేటప్పుడు చెక్కతో పాటు కత్తి ఇనుము అరిగి రాలిన పొడి అంతా బ్రష్‌తో దులిపెయ్యాలి. నా మొదటి పిడి ఇక్కడే పాడైంది, పొద్దున లేచి చూస్తే రివిట్ల పక్కన నల్లటి మచ్చలు! కరక్కాయలో అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు) కలిపి సిరా చేసేవాళ్ళు చూడండి, అదే లెక్క, తుమ్మలో ఉన్న వగరుకి ఇనుమూ నీళ్ళూ తగిలితే నలుపెక్కుతది. ఆ మచ్చలు పోగొట్టడానికి మళ్ళీ 120 పట్టాల్సొచ్చింది.

ఇక నూనె. కొబ్బరినూనె, వేరుశెనగ నూనె వద్దు, అవి గట్టిపడవు, కొన్నాళ్ళకి ముక్కిపోయిన వాసన వస్తది. అవిసె నూనె అయితే గాలి తగిలి లోపలే గట్టిపడుతది. పెయింట్ షాపులో దొరికే బాయిల్డ్ రకం తొందరగా ఆరుతది గానీ అందులో డ్రయర్లు, అంటే తొందరగా ఆరడానికి వేసే రసాయనాలు, కలిపి ఉంటారు, వంటింటి కత్తికి నేనైతే గానుగలో ఆడించిన పచ్చి నూనే వాడతా, ఆలస్యమైనా సరే. మొదటి కోటు దండిగా రాసి పావుగంట ఆగండి, చెక్క కొసల దగ్గర నూనె ఎక్కువ తాగుతది, అక్కడ ఇంకోసారి రాయండి. తర్వాత పొడిగుడ్డతో పైన మిగిలిందంతా తుడిచెయ్యండి, తుడవకపోతే జిగట పొర కట్టి దుమ్మంతా అంటుకుంటది. రెండు మూడు రోజులు ఆరాక రెండో కోటు, ఈసారి నూనె తడి మీదే 400తో నెమ్మదిగా రుద్దితే నూనెలో కలిసిన చెక్కపొడి ముద్ద చెక్క రంధ్రాల్లోకి దిగి పూడుస్తది.

నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతది, గుడ్డ ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకోగలదు. విడివిడిగా ఆరుబయట తీగ మీద వెయ్యండి, లేదా నీళ్ళలో ముంచి పెట్టండి.

మూడో కోటు కూడా వేసి కత్తిని వారం రోజులు గాలి తగిలేచోట వేలాడదీయండి, పిడిని ముట్టుకుంటే వేలికి జిడ్డు అంటకూడదు, అంటితే ఇంకో నాలుగు రోజులు. వచ్చే భాగానికి కాస్త తేనెమైనం, పాత నూలు పంచె ముక్క ఒకటి రెడీ చేసి పెట్టుకోండి.