కొత్తగా కట్టిన రేస్ ఇంజిన్ ఆయిల్ తాగుతోందా? విప్పే ముందు ఇలా వెతకండి

సిలిండర్లకు బోర్ కొట్టించి, కొత్త పిస్టన్ సెట్ వేసి, అన్నీ కొత్తగా కట్టిన ఇంజిన్ నీలం పొగ కక్కితే ఎవరికైనా టెన్షనే. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు వెళ్లే రోజు దగ్గర పడుతున్నప్పుడైతే చెప్పక్కర్లేదు. తిరుపతి, చిత్తూరు వైపు పాత ఎస్టీమ్‌నో జెన్‌నో ట్రాక్ కోసం తయారు చేసుకునే కుర్రాళ్లకు అప్పుడు రెండు రకాల సలహాలు దొరుకుతాయి. ఒకరు ‘కాస్త తిరిగితే అదే సర్దుకుంటుంది అన్నా’ అంటారు. ఇంకొకరు ‘హెడ్ దించేద్దాం’ అంటారు. రెండూ తొందరపాటే. హెడ్, అంటే సిలిండర్ల పైన వాల్వులుండే భాగం, దించితే చాలా ఆధారాలు చెదిరిపోతాయి. ఊరికే తిప్పుతూ పోతే చిన్న లోపం పెద్దదవుతుంది.

టర్బో లేని ఇంజిన్‌లో ఆయిల్ తగ్గడానికి ముఖ్యంగా నాలుగు దారులు: పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, వాల్వ్ గైడ్లు (వాల్వ్ కాండం జారే గొట్టాలు, వాటి పైన ఆయిల్‌ను ఆపే సీళ్లు ఉంటాయి), బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు), బయటి లీకు. టర్బో ఉంటే దాని సీలు ఐదోది. మన పని ఏ దారో తేల్చడం.

ముందు తూకం వేయండి

డిప్‌స్టిక్ చూసి ‘అర లీటరు తగ్గింది’ అనేస్తే కుదరదు. హెడ్‌లో ఎంత నిలిచిందో, కూలర్‌లో ఎంత ఉందో, బండి ఏ వాలులో నిలబడిందో, వీటన్నిటిని బట్టి గీత మారిపోతుంది. వంటింటి డిజిటల్ కాటా తెచ్చుకోండి. ఇంజిన్ వేడిగా ఉండగానే ఆయిల్ దించి, మళ్లీ పోసేటప్పుడు ఎన్ని గ్రాములు పోశారో రాసుకోండి. ఒక సెషన్ తిప్పాక మళ్లీ అదే వేడిలో, బండిని అదే చోట నిలిపి, అంతే సేపు కారనిచ్చి తూచండి. లీటరు ఆయిల్ దాదాపు 870 గ్రాములు ఉంటుంది కాబట్టి లెక్క కష్టం కాదు.

క్యాచ్ క్యాన్‌లో, అంటే బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్‌ను పట్టే డబ్బాలో, చేరిన ఆయిల్‌ను కూడా విడిగా తూచండి. ఇది చాలామంది వదిలేస్తారు. పోయిన ఆయిల్ దాదాపు మొత్తం అక్కడే దొరికితే మీ ఇంజిన్ ఆయిల్‌ను కాల్చడం లేదు, బ్రీదర్ గుండా తోసేస్తోంది. అప్పుడు చూడాల్సినవి వేరు: ఆయిల్ ఎక్కువ పోశారా, వాల్వ్ కవర్‌లో ఆయిల్ చిమ్మకుండా అడ్డుండే రేకు (బాఫిల్) ఊడిందా, బ్రీదర్ పైపు మరీ సన్నదా, హెడ్ నుంచి ఆయిల్ కిందికి దిగే రంధ్రాలకు సిలికాన్ పేస్టు అడ్డం పడిందా.

దించిన ఆయిల్‌ను వాసన కూడా చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా కొడితే ట్యూనింగ్‌లో పెట్రోల్ ఎక్కువ పోతోంది. అది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కొత్త రింగులను పాడు చేస్తుంది. పైగా సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగి, తగ్గిన ఆయిల్ స్థానాన్ని తను నింపుతుంది. తూకం సరిపోయినట్టే కనబడుతుంది, ఆయిల్ మాత్రం పోతూనే ఉంటుంది.

బయటి లీకు సంగతి తేలిక. ఇంజిన్‌ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, తిప్పి చూడండి. ఎక్కడ తడి ఉందో అదే చెబుతుంది.

పొగ ఎప్పుడు వస్తోంది?

నీలం పొగ ఆయిల్‌ది, నల్లది పెట్రోల్‌ది, ఆగకుండా వచ్చే దట్టమైన తెల్ల పొగ కూలెంట్‌ది. అది తెలిసిందే. దానికంటే పొగ ఏ సమయంలో వస్తోందన్నదే ఎక్కువ చెబుతుంది. డ్రైవర్‌కు అద్దంలో సరిగ్గా కనబడదు. అందుకే ఒక స్నేహితుడిని, చూడటానికి అనుమతి ఉన్న చోట ఫోన్‌తో నిలబెట్టి వీడియో తీయించండి.

రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వదిలి ఆగిపోతే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. ట్రాక్ మీద స్ట్రెయిట్ చివర యాక్సిలరేటర్ వదిలి, మలుపు తర్వాత మళ్లీ తొక్కినప్పుడు గుప్పున వస్తే గైడ్ల మీద. మొగిలి ఘాట్ దిగి కింద యాక్సిలరేటర్ తొక్కగానే పొగ వదిలే పాత కార్లను చూసే ఉంటారు, ఇదీ అదే. థ్రాటిల్ మూసుకుని ఇంజిన్ వేగంగా తిరుగుతుంటే ఇన్‌టేక్‌లో పీల్పు బలంగా ఉండి గైడ్ల గుండా ఆయిల్‌ను లాగుతుంది. అయితే అదే పీల్పు, పిస్టన్ మీద అన్నిటికంటే కిందుండే ఆయిల్ రింగ్ సరిగా లేకపోతే కింది నుంచి కూడా లాగుతుంది. కాబట్టి ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి.

ఫుల్ థ్రాటిల్‌లో, గేరు గేరుకూ ఆగకుండా వస్తే రింగులే. పొడుగాటి మలుపులో మాత్రమే వస్తే ఆయిల్ ఒక పక్కకు ఒరిగి బ్రీదర్‌లోకి ఎక్కుతోందేమో చూడాలి. ఆ పైపు ఇన్‌టేక్‌కు కలిపి ఉంటే ఇంజిన్ దాన్ని నేరుగా తాగేస్తుంది.

ప్లగ్గులు

ఫుల్ థ్రాటిల్‌లో వస్తూ ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో పిట్‌లోకి దొర్లించుకొచ్చి తీసిన ప్లగ్గే నిజం చెబుతుంది. ట్రాక్ వాళ్లకు ముందే చెప్పి చేయండి. నింపాదిగా ఐడిల్‌లో నడిపి తెస్తే దాని మీద వేరే రంగు పడిపోతుంది. ప్లగ్ తీసే ముందే ఇన్‌టేక్ వైపున్న పక్క మీద మార్కర్‌తో గీత గీయండి. ఆ పక్క మాత్రమే నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ ఇన్‌టేక్ గైడ్ నుంచి వస్తుండొచ్చు. చుట్టూ తడి ఉంటే రింగులను అనుమానించాలి. ఒకే సిలిండర్‌లో ఉంటే ఆ ఒక్క పిస్టన్ దగ్గరో, ఒక్క సీలు దగ్గరో పొరపాటు జరిగింది. నాలుగింటిలోనూ ఒకేలా ఉంటే హోనింగ్‌నో (సిలిండర్ గోడను రాతితో సానపట్టడం), వేసిన రింగుల సెట్‌నో, రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజిన్‌ను మొదట్లో నడిపి రింగులను కూర్చోబెట్టడం) చేసిన తీరునో చూడాలి.

లీక్‌డౌన్ టెస్ట్, దాని పరిమితి

ఇంజిన్ వేడిగా ఉండగా, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రం గుండా 100 పీఎస్ఐ గాలి ఇచ్చి, ఎంత శాతం పోతోందో రెండో గేజ్‌లో చూడాలి. గాలి తోసినప్పుడు క్రాంక్ గిర్రున తిరగొచ్చు, కాబట్టి స్పానర్‌ను క్రాంక్ బోల్టు మీద వదిలేయకండి, చెయ్యి కూడా అక్కడ పెట్టకండి. బాగా కట్టిన రేస్ ఇంజిన్‌లో 5 శాతం లోపు ఉండాలి. 10 వరకు పరవాలేదు. 20 దాటితే మాట్లాడాల్సిన పని లేదు. గాలి శబ్దం సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్.

ఎక్కువ మంది తప్పుదారి పట్టేది ఇక్కడే. లీక్‌డౌన్ బాగా వచ్చింది కాబట్టి రింగులు మంచివే అనుకుంటారు. ఈ టెస్ట్ ముఖ్యంగా పై రింగును పరీక్షిస్తుంది. మూడో రింగు, అంటే ఆయిల్ రింగు, గాలిని ఆపడానికి పెట్టింది కాదు. అది తప్పుగా కూర్చున్నా లీక్‌డౌన్ 4 శాతమే చూపించొచ్చు. కంప్రెషన్ టెస్ట్‌దీ అదే కథ. పైగా ఆయిల్ రింగుల చుట్టూ నిండితే కంప్రెషన్ ఉన్నదానికంటే బాగా కనబడుతుంది.

అందుకే తర్వాత కెమెరా దించండి. ఫోన్‌కు తగిలించుకునే సన్నటి ఎండోస్కోప్ చాలు. పిస్టన్ తల మీద మసి మధ్యలో ఉండి అంచు చుట్టూ కడిగినట్టు మెరుస్తుంటే ఆయిల్ రింగుల మీదుగా ఎక్కుతోంది. వాల్వ్ వెనక భాగం తడిసి, దాని మీద మెత్తటి మసి గడ్డలు కట్టి ఉంటే గైడ్.

విప్పక తప్పకపోతే

గైడ్లు, సీళ్లు అని తేలితే హెడ్ పని మాత్రమే. కొత్త సీలును వాల్వ్ కాండం మీదుగా తోసేటప్పుడు లాక్ గాడి అంచు దాని పెదవిని కోసేస్తుంది. కాండానికి పలుచటి ప్లాస్టిక్ తొడుగు వేసి దించితే ఆ బాధ ఉండదు.

రింగులని తేలితే పిస్టన్ బయటికి తీయగానే ఏదీ తుడవకుండా ముందు ఫోటో తీయండి. మూడు ముక్కల ఆయిల్ రింగులో మధ్యనుండే ఎక్స్‌పాండర్ రెండు కొసలూ ఒకదానికొకటి ఎదురుగా ఆనాలి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే పైనా కిందా ఉండే పలుచటి రింగులకు గోడను నొక్కే బలం పోతుంది. చూపుకు అంతా సరిగానే ఉంటుంది, ఆయిల్ మాత్రం గుడగుడా తాగుతుంది. రెండో రింగు మీద చుక్కో, గుర్తో ఉంటుంది, అది పైకి ఉండాలి. తిరగేసి వేస్తే గోడ మీది ఆయిల్‌ను కిందికి గీకాల్సిన అంచు పైకి తోస్తుంది.

తర్వాత బోర్. లేత్ షాపులో హోనింగ్ గీతలు అడ్డంగా, నిలువుగా కాక ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ కనబడాలి. అద్దంలా మెరిస్తే గ్లేజ్ పట్టింది. మళ్లీ హోన్ చేయించాక సబ్బు కలిపిన వేడి నీళ్లతో, బ్రష్‌తో రుద్దండి. వెంటనే ఆరబెట్టి, తెల్ల గుడ్డకు ఆయిల్ అద్ది తుడవండి. గుడ్డకు బూడిద రంగు అంటుకుంటే ఇంకా రాతి పొడి ఉంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడగాల్సిందే.

కట్టాక స్టాండ్ మీద గంటల తరబడి ఐడిల్‌లో తిప్పే అలవాటు మానండి. రింగులను గోడకు అదిమేది సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి. అది ఐడిల్‌లో రాదు. రన్నింగ్-ఇన్‌కు వాడే మినరల్ ఆయిల్ పోయండి. లీకులు, ఆయిల్ ప్రెషర్ చూసుకున్నాక డైనో (ఇంజిన్‌కు లోడ్ ఇచ్చి పరీక్షించే యంత్రం) మీద కానీ ట్రాక్ మీద కానీ లోడ్ ఇస్తూ, వదులుతూ నడపండి. ఈ పనికి మొదటి అరగంటే కీలకం. సింథటిక్ తర్వాత. ఆ మొదటి సెషన్‌కు, రెండోదానికి, మూడోదానికి విడివిడిగా తూకం రాసుకోండి. అంకె తగ్గుతూ పోతే రింగులు కూర్చుంటున్నట్టు. మూడింటికీ ఒకేలా ఉంటే ఇక ఎంత తిప్పినా సర్దుకోదు, మళ్లీ ప్లగ్గుల దగ్గర నుంచి మొదలుపెట్టండి.